దొంగ జత

కొత్త బూట్లు తొడుక్కున్న మొదటి అరగంట నన్నెవరూ పలకరించకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఇది మా ఇంట్లో రూలు. పెట్టింది నేనే. ఆ అరగంటలో పాదం బూటుతో పరిచయం చేసుకుంటుంది. మధ్యలో ఎవరైనా వచ్చి పాలు తెచ్చారా, తలుపు గడియ వేశారా అని అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. మా ఆవిడకి ఈ రూలంటే మొదటినుంచీ ఒళ్ళుమంట. “మీ కాళ్ళకున్న మర్యాద ఈ ఇంట్లో మనుషులకి లేదు” అంటుంది. నిజమే, లేదు. మా ఇల్లు గడిచింది నా కాళ్ళ మీద.

నా పనేమిటో చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. బూట్లు తయారుచేసే కంపెనీలో పరిగెత్తడం నా ఉద్యోగం. రోజూ పరిగెత్తేవాళ్ళ కోసం కొత్త రకం బూటు తయారైతే, అది దుకాణాలకు వెళ్ళేముందు ఆరు జతలు మా గదికి వస్తాయి. మేము ఆరుగురం. అందరి కాళ్ళూ ఒకే సైజు, ఎనిమిది. ఆ సైజు ఉంటేనే ఈ ఉద్యోగం. ఒక్కొక్కరం ఒక్కో జత తొడుక్కుని ఐదు రోజులపాటు, రోజుకి ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తాలి. ఆరో రోజు కార్డు నింపి ఇవ్వాలి. కార్డు మీద రెండు పాదాల బొమ్మలుంటాయి. బూటు ఎక్కడ నొక్కిందో, ఎక్కడ ఒరుసుకుందో ఆ చోట ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి పక్కన సంగతి రాయాలి. లేసుల మధ్య గుండీ అంత మీటరు ఒకటి కట్టి ఉంటుంది. ఎంత దూరం పరిగెత్తామో అది చెప్పేస్తుంది కాబట్టి మంచంమీద పడుకుని కార్డు నింపడం కుదరదు.

ఇంతవరకూ ఎక్కడైనా ఉండే పద్ధతే అనుకోండి. మా దగ్గర ఇంకొకటుంది. ఆరు జతల్లో ఒకటి దొంగ జత. మా పరుగు గదికి పైఅధికారి అయిన మేడమ్ తన చేత్తో దాన్ని పాడుచేస్తుంది. లోపలి మెత్త కింద గట్టిపడిన జిగురు ఉండ ఒకటి దాస్తుంది, లేకపోతే మడమ దగ్గర కుట్టు ఒక పోగు ఎక్కువ బిగిస్తుంది. పైకి కనపడదు. చెయ్యి పెట్టి తడిమినా తెలియదు. మనిషి బరువు పడి, బూటు వంగి, కొన్ని వందలసార్లు నేలని తన్నితేగాని ఆ దొంగ బయటపడడు. దొంగ ఎక్కడున్నాడో ఒక చీటీమీద రాసి, కవరులో పెట్టి అంటించి, బీరువాలో దాస్తుంది. మేము కార్డులిచ్చాక అందరి ఎదుటా విప్పుతుంది. మేము రాసే కార్డులు నిజమైనవో, ఊహించి రాసినవో తేల్చుకోవడానికి ఈ ఏర్పాటు. దొంగ తన దగ్గరుండి కూడా ఒకసారి పట్టుకోలేకపోతే ఊరుకుంటారు. రెండోసారి కూడా పట్టుకోలేకపోతే పరుగు గదిలోంచి తీసి కింద మిషన్ల గదిలో వేస్తారు. అక్కడ ఒక ఇనుప పాదం పొద్దస్తమానం బూటుని వంచుతూ, తీస్తూ ఉంటుంది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని దాన్ని చూస్తూ ఉండాలి. ఒకచోట కూర్చోవడం నా ఒంటికి పడని పని. అన్నం కూడా నేను సగం నిలబడే తింటాను.

నాకు ఒకసారి అయిపోయింది. పోయిన నెలలోనే.

ఆ కవరు విప్పినప్పుడు మేడమ్ ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. నా కార్డు మీద ఒక్క చుక్క లేదు. ‘హాయిగా ఉంది’ అని రాశాను. చీటీలో నా జత నంబరుంది. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. “అయ్యో మాస్టారూ, మీరు కూడానా?” అంది. ఎవరికీ పాఠం చెప్పకపోయినా ఆ గదిలో నేను మాస్టారిని. అందరికంటే పాతవాణ్ణి కాబట్టి ఆ పేరు పడింది. ఆ ‘కూడానా’ అన్న మాట ఆ రోజునుంచి చెవిలో జోరీగలా తిరుగుతోంది. మా ఆరుగురిలో ఎత్తుగా ఉండేవాణ్ణి పొడుగు అంటాం; పక్కనే ఉన్న ఆ పొడుగు నా భుజం తట్టి, “పోన్లెండి మాస్టారూ, వయసు” అన్నాడు. వాడికి నాకంటే ఐదేళ్ళే తక్కువ. నా తర్వాత ఆ గదిలో పెద్ద తనేనని వాడి లెక్క. ఆ చెయ్యి విదిలించుకున్నాను.

వయసు కాదని నాకు తెలుసు. ఆరు నెలల కిందట నా అరికాళ్ళు మాట్లాడటం మానేశాయి. మొదట బొటనవేళ్ళు. తర్వాత మిగతా వేళ్ళు, ఆ తర్వాత మడమ దాకా. ఎక్కడ అడుగు వేసినా దూది మీద వేసినట్టే ఉంది. షుగరుందని మూడేళ్ళ కిందటే చెప్పారు. మాత్రలు మింగుతున్నాను. అప్పుడు ఆ డాక్టరు, “రోజూ ఒకసారి పాదాలు చూసుకుంటూ ఉండండి” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పాదాల గురించి నాకు చెబుతున్నాడీయన! బయటికొచ్చాక ఆ మాట చెప్పి మా ఆవిణ్ణి కూడా నవ్వించబోయాను. ఆవిడ నవ్వలేదు.

తిమ్మిరి మొదలయ్యాక నేను పాదాల వైపు చూడటమే మానేశాను. ఎందుకంటే ఏం చెప్పను? భయం. చూస్తే అవి నావి కావేమోనని భయం. స్నానంలో కాళ్ళమీద నీళ్ళు కుమ్మరించుకుంటాను గాని వంగి చూడను. ఇంట్లో కూడా నల్ల సాక్సులు వేసుకుని తిరుగుతున్నాను. “నేల చల్లగా ఉంది” అంటే, “ఈ ఎండలకా?” అని మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పడుకునేటప్పుడు కూడా సాక్సులు విప్పకపోయేసరికి, “ఏం, కలలో కూడా పరిగెత్తాలా?” అని అటు తిరిగి పడుకుంది. ఆరు నెలల కార్డులన్నీ పాత కార్డుల మాటలతోనే నింపాను. ఇరవై రెండేళ్ళుగా రాసిన మాటలు. ఎక్కడ ఏ బూటు ఏం చేస్తుందో చూడగానే చెప్పగలను. దొంగ జత నా వాటాకి రానంతకాలం గడిచిపోయింది.

ఈసారి బూట్లు సోమవారం పొద్దున చేతికొచ్చాయి. బూడిదరంగువి, తేలికైనవి, రోజువారీ పరుగుకి. నంబరు నాలుగు. చేతిలో పట్టుకుని చూస్తే ముచ్చటేసింది. తొడుక్కుని లేసులు బిగించి గదిలోనే నాలుగడుగులు వేశాను. ఏమీ లేదు. బూటు వేసుకున్నట్టూ లేదు, విప్పినట్టూ లేదు. పొడుగు తన జత తొడుక్కుని ఒకసారి గెంతి, “కుడి మడమ కొంచెం వదులు” అని గొణిగాడు. వాడి కాళ్ళమీద నాకు అసూయ పుట్టింది. ఒకడి కాళ్ళమీద అసూయ పడతానని ఎప్పుడూ అనుకోలేదు.

పరిగెత్తాను. కంపెనీ గేటు, గోదాముల వెనక సిమెంటు రోడ్డు, రైలు వంతెన కింద మలుపు, ఆస్పత్రి గోడ, పార్కు చుట్టూ ఎర్రమట్టి దారి. మనసంతా కాళ్ళమీద పెట్టాను. ప్రతి అడుగుకీ అడిగాను: ఉన్నాడా? లేడా? ఎడమా, కుడా? జవాబు లేదు. ఎనిమిది కిలోమీటర్లయ్యాయని మీటరు చెప్పింది. ఊపిరి తెలిసింది, మోకాళ్ళు తెలిశాయి, చొక్కా తడిసి వీపుకి అంటుకోవడం తెలిసింది. మోకాళ్ళ కింద మాత్రం ఎవరో మూగవాళ్ళు ఇద్దరు నన్ను మోసుకొచ్చినట్టుంది.

మంగళవారమూ అంతే. బుధవారం రూలు తప్పాను. బూటులోకి చెయ్యి పెట్టకూడదు, కాలే చెప్పాలి అన్నది మేడమ్ రూలు. బాత్‌రూమ్ తలుపు వేసుకుని రెండు బూట్లలోనూ వేళ్ళు దోపి అంగుళం అంగుళం తడిమాను. మెత్త నున్నగా ఉంది. ఎడమదాంట్లో కొంచెం చెమ్మ తగిలింది. పరిగెత్తే మనిషికి చెమట పట్టదా మరి! మెత్త లేపి చూద్దామంటే అంచు చుట్టూ మేడమ్ పట్టీ అంటించింది. అది చింపితే దొంగని కాదు, నన్నే పట్టుకుంటారు.

ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. వంటింట్లోంచి వీధి గుమ్మానికి, గుమ్మం నుంచి వంటింట్లోకి. కూర్చుంటే కాలు దానంతటదే ఊగుతోంది. బల్లమీద గ్లాసులు గలగలమంటున్నాయి.

“ఆ కాలు ఊపడం ఆపుతారా?” అంది మా ఆవిడ.

“ఊపడం లేదు.”

“మరి భూకంపమా?”

“నీకేం తెలుసే నా బాధ!”

“చెబితే తెలుస్తుంది. ఆరు నెలలనుంచీ నోరు కుట్టేసుకు కూర్చుంటే నాకేం కలొస్తుందా?”

చెబుదామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ ఆ క్షణమే నా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళుతుంది. డాక్టరు పరుగు మానేయమంటాడు. ఇనుప పాదం ముందు కుర్చీ నాకోసం సిద్ధంగా ఉంటుంది. నోరు మూసుకుని గ్లాసు తీసి అవతల పెట్టాను.

గురువారం సాయంత్రం మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. సిటీ బస్సు నడుపుతాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా సీట్లో కూర్చునే మనిషి కాబట్టి పొట్ట స్టీరింగుని తాకే దాకా పెరిగింది. పెళ్ళయిన కొత్తలోనే వాడి కాలూ నా కాలూ ఒకే సైజని తేలింది. నేను వదిలేసిన బూట్లన్నీ అప్పటినుంచీ వాడివే. గుమ్మంలో విప్పిన నా బూట్లవైపు ఆశగా చూసి, “ఎప్పుడు ముసలివవుతాయి బావా ఇవి?” అని అడిగాడు. అప్పుడు తట్టింది నాకు. ఇంత సులువైన సంగతి నాలుగు రోజులనుంచీ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

వాణ్ణి డాబామీదికి తీసుకెళ్ళి సంగతంతా చెప్పాను. అంతా అంటే అంతా కాదు. “ఈమధ్య కొంచెం తిమ్మిరిగా ఉంటోందిరా, ఈ వారం గట్టెక్కిస్తే చాలు” అన్నాను.

“నేను? పరుగా?” వాడు తన పొట్టవైపు చూసుకున్నాడు. “బావా, బస్సు వెళ్ళిపోతున్నా నేను పరిగెత్తను. నాకు తెలుసు, ఇంకోటొస్తుంది.”

“ఎనిమిది కిలోమీటర్లే.”

“ఎనిమిది కిలోమీటర్లు బస్సులోనే అలుపొస్తుంది నాకు! అక్కకి చెప్పావా?”

“నువ్వు చెప్పావంటే నీ చెవులు కోసి నీ చేతిలో పెడతాను.”

వాడు నవ్వాడు గాని నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. “సరేలే బావా. పొద్దున ఐదింటికి పార్కు దగ్గరికి రా. నన్ను తెలిసినవాళ్ళెవరూ ఆ టైముకి లేవరు” అన్నాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా పార్కు గేటు దగ్గర నా బూట్లు విప్పి వాడికిచ్చి, వాడి కాళ్ళకున్న నా పాత బూట్లు నేను తొడుక్కున్నాను. వాడు కాలు దూర్చగానే ముఖం చిట్లించాడు.

“ఏంటి బావా, ఎడమదాంట్లో తడిగా ఉంది?”

“చెమట.”

“ఎడమకాలికే పడుతుందా నీకు చెమట?”

“నోరుమూసుకుని పరిగెత్తు. బూటు ఏం చేస్తోందో చెప్పు, చాలు.”

పక్కపక్కనే పరిగెత్తాం. వాడిది పరుగనడానికి వీల్లేదు. ఒక కిలోమీటరయ్యేసరికి కొలిమి తిత్తిలా రొప్పుతున్నాడు. నేను ప్రతి వంద అడుగులకీ “ఏమైనా ఉందా? ఏమైనా తెలిసిందా?” అని వాణ్ణి పీక్కుతింటున్నాను. “ప్రాణం పోతున్నట్టు తెలుస్తోంది” అన్నాడు. ఎర్రమట్టి దారి దాటి సిమెంటు మీదికి వచ్చాక ఉన్నట్టుండి కుంటడం మొదలెట్టాడు.

“ఆఁ! ఇక్కడ. ఎడమకాలు.”

“ఎక్కడ? సరిగ్గా చెప్పు!”

“చిటికెనవేలు కింద. కాలు మోపినప్పుడు లేదు, వేళ్ళమీద లేస్తున్నప్పుడు పొడుస్తోంది. బఠాణీ గింజంత. అబ్బ, బావా, ఇది పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా పరిగెత్తావు?”

వాణ్ణి వాటేసుకున్నాను. దారి పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, వాడి ముందు మోకాళ్ళమీద కూర్చుని, బూటు విప్పి, సాక్సు లాగి వాడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. చిటికెనవేలు మొదట్లో చర్మం ఎర్రగా కందింది. బొటనవేలితో కొలిచాను: వేలి మొదలు నుంచి అర అంగుళం కిందికి, అంచు నుంచి పావు అంగుళం లోపలికి. రెండుసార్లు కొలిచాను. జేబులోంచి కార్డు తీసి, ఎడమ పాదం బొమ్మ మీద అదే చోట ఎర్రచుక్క పెట్టాను. ‘వేళ్ళు వంగేటప్పుడు మాత్రమే పొడుస్తోంది, లోపలి మెత్త కింద గట్టి ఉండ’ అని రాశాను. నా ఆరు నెలల కార్డులన్నిటిలోకీ నిజమైన మాట అదొక్కటే.

వాడు ఇక కదలలేనన్నాడు. మీటరు చూస్తే మూడు కిలోమీటర్లు కూడా కాలేదు. మళ్ళీ బూట్లు మార్చుకుని, మిగిలిన ఐదూ నేనే పరిగెత్తాను. ఆ పరుగంత తేలికగా ఎన్నాళ్ళనుంచో పరిగెత్తలేదు. ఎడమ బూటులో బఠాణీ గింజ ఉందని తెలిసీ, అది నాకు తెలియకపోయినా, దాన్ని పట్టుకున్న దర్జాలో గాల్లో తేలిపోయాను.

ఆ సంతోషం మధ్యాహ్నందాకానే. దొంగ దొరికినప్పుడు మేడమ్ ఒక పని చేస్తుంది. పట్టుకున్నవాడి కాలిమీద ఆనవాలు చూసి, కార్డు మీద సంతకం పెడుతుంది. మామూలుగా ఏదో ఒక ఎర్రమచ్చ, కొంచెం కందిన చోటు ఉంటుంది. ఆనవాలు నా బావమరిది కాలిమీద ఉంది గాని నా కాలిమీద ఉండదుగా! ఇంత పనీ చేసి అక్కడ దొరికిపోతానా? చర్మం ముదిరిపోయింది మేడమ్, మచ్చ పడదు అని చెప్పాలనుకున్నాను. ఆ మాటని పదిసార్లు, పదిరకాలుగా లోపల్లోపల అనుకుని చూశాను. ఒక దాంట్లోనూ నిజం పలకలేదు. గోటితో ఆ చోట గిల్లితే కందుతుంది కదా అనిపించింది. సాక్సు అంచు దాకా చెయ్యి వెళ్ళింది. లాగితే చూడాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

శనివారం పదింటికి పరుగు గదిలో ఆరుగురం బల్లచుట్టూ చేరాం. మేడమ్ కార్డులు తీసుకుని ఒకదానిమీద ఒకటి పేర్చింది. ఆవిడ ఒకప్పుడు కిందే మిషను దగ్గర కూర్చుని బూట్లు కుట్టిన మనిషి. ముప్ఫై ఐదేళ్ళుగా ఈ కంపెనీలో ఉంది, వచ్చే ఏడాది రిటైరవుతుంది. బూట్ల విషయంలో ఆవిణ్ణి ఎవరూ బురిడీ కొట్టించలేరని పేరు. కవరు చింపి చీటీ చదివింది. నా కార్డు పైకి లాగింది. చీటీని కార్డు పక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

“నాలుగో నంబరు,” అంది. “ఎడమది. చిటికెనవేలు కింద, జిగురు ఉండ. మాస్టారూ, నేను పెట్టినచోటే వెంట్రుకవాసి తేడా లేకుండా చుక్క పెట్టారు. వేళ్ళు వంగేటప్పుడే పొడుస్తుందని కూడా రాశారు. పెట్టిన నాకే ఆ సంగతి తెలియదు!”

చప్పట్లు కొట్టారు. పొడుగు కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా. “పోయినసారి ఏదో పరధ్యానంలో ఉండుంటారు” అంది మేడమ్. ఆవిడ ముఖం వెలిగిపోతోంది; నన్ను దిగువకి పంపాల్సి వస్తుందేమోనని ఆవిడా బెంగపడిందని అప్పుడర్థమైంది. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే సంతోషం ఎక్కువేసింది. ఏం దాచను, ఆ నిమిషం నా అంతవాడు లేడనిపించింది.

“ఏదీ, కాలు చూపించండి, సంతకం పెట్టేస్తాను” అంది.

“చర్మం ముదిరిపోయింది మేడమ్. మచ్చ పడలేదు.”

“పడకపోయినా ఫరవాలేదు, చూపించండి.”

ఆవిడ చిన్న ముక్కాలిపీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఇంక తప్పదు. ఎడమ బూటు విప్పాను. సాక్సు లాగితే రాలేదు. వేళ్ళ దగ్గర పట్టుకుపోయింది. గట్టిగా లాగబోయాను. ఆవిడ ముక్కు చిట్లించి, గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“ఆగండి. లాగకండి.” తర్వాత మిగతావాళ్ళవైపు తిరిగి, “మీరంతా కాసేపు బయటికి వెళ్ళండి” అంది.

వాళ్ళు వెళ్ళారు. ఆవిడ సీసాలోంచి నీళ్ళు పోసి సాక్సుని నానబెట్టి, కొంచెం కొంచెంగా ఊడదీసింది. పెద్దావిడ నా పాదం ఒళ్ళో పెట్టుకుంటే నాకు సిగ్గుతో చచ్చినట్టుంది. గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాను. సాక్సు ఊడి వచ్చింది.

“కిందికి చూడండి” అంది.

చూశాను. కార్డు మీద నేను చుక్క పెట్టిన చోట, సరిగ్గా ఆ చోటే, నా పాదానికి కన్నం పడి ఉంది. అంచులు తెల్లగా నానిపోయాయి, లోపల నల్లగా ఉంది. చిటికెనవేలు రంగు మారి పక్కవేలికి అంటుకుపోయింది. నాలుగు రోజులు దానిమీద పరిగెత్తాను. ఐదోరోజు వాడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో కొలిచి, ఆ ఎర్రటి మచ్చని చూసి మురిసిపోయాను. వాడి కాలికి మూడు కిలోమీటర్లలో అంత కందితే, ముప్ఫై రెండు పరిగెత్తిన నా కాలు ఏమై ఉంటుందన్న ఆలోచన నాకు రానేలేదు.

“ఇది పెట్టుకుని పరిగెత్తారా?”

“అలవాటే మేడమ్. పెద్దగా నొప్పనిపించలేదు.”

“తెలుస్తూనే ఉంది కదా మరి?”

“తెలియకపోతే కార్డు ఎలా రాస్తాను మేడమ్?”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. “కళ్ళు మూసుకోండి” అంది.

మూసుకున్నాను.

“ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నాను?”

మామూలుగా ఎవరైనా ముందు బొటనవేలే పట్టుకుంటారు. “బొటనవేలు” అన్నాను.

“ఇప్పుడు?”

“మడమ.”

“ఇప్పుడు?”

“మధ్యవేలు మేడమ్. కొంచెం గట్టిగా పట్టుకున్నారు” అన్నాను. ఆ ‘గట్టిగా’ అన్నది నా సొంత తెలివి. కార్డుల్లో అలాంటి మాటలు వేస్తేనే నమ్ముతారు.

ఆవిడేమీ అడగలేదు. ఎంతసేపైనా అడగలేదు. కళ్ళు తెరిచాను. నా పాదం ఒక్కటే పీటమీద ఉంది. ఆవిడ పీట మీదనుంచి లేచి అవతల నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను అసలు ముట్టుకోలేదు నాయనా,” అంది.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మాస్టారూ అనే పిలిచింది. ‘నాయనా’ అనేసరికి లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదులైపోయింది. “తెలియడం లేదు మేడమ్,” అన్నాను. “ఆరు నెలలనుంచి ఏమీ తెలియడం లేదు. ఆ చుక్క మా బావమరిది కాలిది.”

ఆవిడ కార్డు తీసి మడిచి తన సంచిలో పెట్టుకుంది. సంతకం పెట్టలేదు, చింపనూ లేదు. మా ఆవిడ నంబరడిగింది. చెప్పాను. లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. “అడుగు కింద పెట్టావంటే చూడు. ఒక్క అడుగు కూడా వేయడానికి వీల్లేదు” అని కసిరి, తలుపు తీసి పొడుగుని పిలిచింది. ఇంకొకణ్ణి కూడా రమ్మంది.

వాళ్ళిద్దరూ చేతులు పెనవేసి పీటలా చేసి నన్ను ఎత్తారు. రెండంతస్తుల మెట్లు. ఆ మెట్లు నేను ఇరవై రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా నడిచి దిగలేదు, పరిగెత్తే దిగాను. కింద మిషన్ల గది తలుపు తెరిచే ఉంది. ఇనుప పాదం బూటుని వంచుతోంది, తీస్తోంది. దాని ముందు కూర్చున్నవాడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆ కుర్చీ దొరికినా ఇప్పుడు మహాభాగ్యమేనని అనుకోవడం నాకే వినిపించింది. కళ్ళవెంట నీళ్ళు కారి పొడుగు చేతిమీద పడ్డాయి. వాడు కంగారుపడి ఆగాడు.

“నొప్పిగా ఉందా మాస్టారూ?”

“లేదురా,” అన్నాను. “అదే నా ఏడుపు.”